నాలుగో అంతస్తు బుట్ట

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి రీహామ్ కుర్చీ మీద స్టూలు వేసి, స్టూలు మీద తను ఎక్కి, బీరువా పైనున్న బుట్టని అందుకోబోతోంది.

"పడతావు," అన్నాడు ఆరేళ్ళ తమ్ముడు హాతిమ్, కింద నుంచి ఆశగా.

"పడను."

"పడితే నీ మంచం నాదేనా?"

"నేను పడనన్నానా! నువ్వెళ్ళి నానమ్మ నిద్రపోతోందో లేదో చూసిరా."

హాతిమ్ వెళ్ళి చూసొచ్చాడు. నానమ్మ నిద్రపోతోంది. చేతికి బీపీ మిషన్ పట్టీ అలాగే చుట్టుకుని ఉంది.

ఆ వీధిలో ప్రతి బాల్కనీకీ ఒక తాడు, ఆ తాడుకి ఒక బుట్ట ఉంటాయి. లిఫ్టు ఉన్న బిల్డింగులకి కూడా ఉంటాయి. అలెగ్జాండ్రియాలో లిఫ్టుని నమ్ముకుని పొయ్యి వెలిగించేవాళ్ళెవరూ లేరు. ఉల్లిపాయలు కావాలంటే బుట్ట దించుతారు. కింద కిరాణా కొట్టు సబ్రీ బాబాయ్ అందులో ఉల్లిపాయలు వేస్తాడు. పైకి లాగుతారు.

దీనికి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన రూలు ఒకటుంది. డబ్బిచ్చి కొనేవాళ్ళు అరుస్తారు. "సబ్రీ! కిలో పంచదార! ఇదిగో, డబ్బు బుట్టలోనే ఉంది!" అని మూడు వీధులకి వినపడేలా అరుస్తారు. అప్పు పెట్టేవాళ్ళు అరవరు. కావలసినవి కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, బుట్టలో వేసి, దగ్గు కూడా రాకుండా దించుతారు.

రీహామ్ వాళ్ళ బుట్ట చాలా కాలంగా చప్పుడు లేకుండానే దిగుతోంది. కిందటి నెల అమ్మ దాన్ని పైకి లాగి, తాడు చుట్టి, బీరువా మీద పెట్టేసింది.

దీనికంతటికీ కారణం టీవీ.

రీహామ్ వాళ్ళ నాన్న వజ్దీ పన్నుల ఆఫీసులో పనిచేస్తాడు. రోజంతా ఊళ్ళోవాళ్ళ బకాయిల వెంటపడి ఇంటికొచ్చేసరికి, సొంత బకాయిలు గుర్తు చేసుకునే ఓపిక ఆయనకి ఉండదు. కిందటేడు ఆయన అక్క సుహైర్ వాళ్ళింట్లో పెద్ద టీవీ చూశాడు. వారం తిరక్కుండా అంతకంటే రెండు అంగుళాలు పెద్దది వాయిదాల మీద తెచ్చాడు. ముందుగదిలో సోఫాకీ గోడకీ మధ్య దూరం నాలుగడుగులు. అక్కడ కూర్చుంటే వార్తలు చదివే ఆయన మీసం కనిపిస్తుంది, ఆయన కనిపించడు.

అమ్మ నగ్లా బడిలో లెక్కల టీచరు. సాయంత్రాలు ట్యూషన్లు కూడా చెబుతుంది. భోజనాల బల్ల చుట్టూ తొమ్మిది మంది పిల్లలు భిన్నాలు చేస్తూ ఉంటారు. అందుకని రీహామ్ వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన హోంవర్కు చేసుకుంటుంది. ఆమె సైన్సు నోట్సులో సగం పేజీలకి వెల్లుల్లి వాసన.

ఫ్రిజ్ మీద అమ్మ ఒక కాగితం అంటించింది. అందులో అంతా చీటీ గురించే. పదిమంది ఆడవాళ్ళు నెలకి పదిహేను వందల పౌండ్లు వేస్తారు. ప్రతి నెలా వాళ్ళలో ఒకరు మొత్తం పదిహేను వేలూ తీసుకుంటారు. ఎవరి వంతు ఏ నెలో మొదటే రాసుకుంటారు. అమ్మ వంతు మూడో నెల, అంటే ఈ నెల. డబ్బు ఆదివారం చేతికొస్తుంది.

వచ్చే డబ్బుకి అమ్మ ముందే దారి గీసేసింది. సబ్రీ పాత ఖాతా. టీవీ మిగిలిన వాయిదాలు. హాతిమ్‌కి కళ్ళజోడు. అన్నీ పోగా మిగిలేది ముప్పై పౌండ్లు. దాని కింద రెండు గీతలు గీసింది. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాలతో 'నిద్ర' అని రాసింది. దానికి ఎంతవుతుందో మాత్రం రాయలేదు.

ఆ ఆదివారం వచ్చేలోపు ఇంట్లో ఏం అడిగినా మూడు జవాబులే. నాన్న "ఇన్షా అల్లా" అంటాడు. అంటే లేదని. అమ్మ "చీటీ రానీ" అంటుంది. అంటే ఇప్పుడు లేదని. నానమ్మ ఏమీ అనదు, బీపీ చూసుకుంటుంది. అమ్మా నాన్నా తలుపు వేసుకుని గుసగుసగా పోట్లాడుకున్నప్పుడల్లా ఆవిడ పట్టీ చుట్టుకుని, ఫుట్‌బాల్ స్కోరు చెప్పినట్టు గట్టిగా చెబుతుంది. "నూట అరవై, తొంభై అయిదు!" వెంటనే గుసగుసలు ఆగిపోతాయి.

ఇవాళ సాయంత్రం సుహైర్ అత్తా, ఆమె కూతురు నెర్మీనూ వస్తున్నారు. పొద్దున రీహామ్‌కీ అమ్మకీ యుద్ధం అందుకే జరిగింది.

"టీ ఇద్దాం. నారింజపళ్ళు కోసి పెడదాం. అంతే," అంది అమ్మ, ఒక చెవికి ఫోనూ ఇంకో చేతిలో హాతిమ్ బూటూ పట్టుకుని.

"నారింజలా? వాళ్ళింటికెళ్తే మనకి ఏడు రకాలు పెట్టారమ్మా! లెక్కపెట్టాను."

"లెక్కలు బాగానే వచ్చాయి నీకు. సంతోషం."

"నెర్మీన్ నన్నేమందో తెలుసా? 'మీ ఇంట్లో అతిథులొస్తే కూడా పప్పు సూపేనా?' అంది."

"అవునని చెప్పాల్సింది. పప్పులో బలం ఉంటుంది."

"ఆ నారింజల పళ్ళెం నేను పట్టుకుని రాను. చెబుతున్నా!"

"పట్టుకోకు. మోకాళ్ళతో తోసుకురా," అని అమ్మ బస్సుకి పరిగెత్తింది.

అందుకే రీహామ్ ఇప్పుడు స్టూలు మీద ఉంది.

బుట్ట దొరికింది. కాగితం కూడా సిద్ధంగానే ఉంది. అమ్మ దస్తూరీ వచ్చేలా, అమ్మలాగే మర్యాదగా తనే రాసింది. కోలా సీసాలు నాలుగు. రూమీ జున్ను అరకిలో. ఆలివ్‌లు. చిప్స్. పిస్తా బిస్కెట్ల డబ్బాలు రెండు. చాక్లెట్ వేఫర్లు. జీడిపప్పు. మొత్తం ఏడు రకాలు. కింద 'ఖాతాలో రాయండి. రీహామ్ వాళ్ళమ్మ' అని పెట్టింది.

బుట్ట చప్పుడు లేకుండా దిగింది.

సబ్రీ బాబాయ్ కాగితం చదివాడు. పైకి చూశాడు. అరచేతి మీద వేలితో రాస్తున్నట్టు చేశాడు. ఖాతాలోనా అని అడగడం. అప్పు సంగతి వీధిలో అరవడం ఆయనకి నచ్చదు. రీహామ్ తలూపింది. ఆయన మళ్ళీ, తలకి ముసుగు సర్దుకుంటున్నట్టు చేశాడు. అమ్మకి తెలుసా అని అడగడం.

రీహామ్ ఇంకా గట్టిగా తలూపింది.

బుట్ట రెండుసార్లు బరువుగా పైకొచ్చింది.

అత్త ఏడింటికి వస్తానంది కాబట్టి ఆరున్నరకే వచ్చింది. ట్యూషన్ పిల్లల్ని అప్పుడే పంపించి అమ్మ ఒక గుమ్మంలోంచి, ఆఫీసు నుంచి నాన్న ఇంకో గుమ్మంలోంచి ముందుగదిలోకి ఒకేసారి అడుగుపెట్టారు.

ఆ గదిలో బంగారు రంగు కుర్చీలుంటాయి. అతిథులు రానప్పుడు వాటి మీద దుప్పట్లు కప్పుంటాయి. అద్దాల బీరువాలో డెబ్బై రెండు కప్పులుంటాయి. ఇంట్లో వాళ్ళు గాజు గ్లాసుల్లోనే టీ తాగుతారు. ఇప్పుడు దుప్పట్లు లేవు. కప్పులు బయటికొచ్చాయి. వాటి మధ్య ఏడు రకాలు.

"మాషా అల్లా!" అంది అత్త. "ఇదేంటే నగ్లా, ఎవరి పెళ్ళి?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న అమ్మ వైపు చూశాడు. ఇద్దరూ నవ్వారు. పళ్ళతో మాత్రమే.

"ఏముంది వదినా, నోట్లో వేసుకోండి," అంది అమ్మ.

నెర్మీన్ జున్ను ముక్క తీసుకుంది. బల్లంతా కలియజూసింది. పప్పు సూపు ఊసెత్తలేదు. రీహామ్ పాదాలు నేల మీద ఆనడం లేదు. ఆ క్షణంలో ఎవరైనా కొలిచి ఉంటే నాలుగు అంగుళాల ఎత్తు పెరిగి ఉండేది.

అత్త రెండు బిస్కెట్లు తిని, మడిచిన రుమాలు విప్పి మళ్ళీ మడిచింది.

"ఒరేయ్ వజ్దీ, ఒక మాట. అడగకూడదనే వచ్చాను. మెట్లెక్కుతూ కూడా, 'పాపం, వీళ్ళకేం ఇబ్బందులున్నాయో, అడగొద్దులే' అనుకున్నాను. ఈ బల్ల చూశాక ధైర్యం వచ్చింది."

"చెప్పక్కా!" అన్నాడు నాన్న.

"చీటీలో ఈ నెల నగ్లా వంతు కదా. నాది పదో నెల. మార్చుకుందామా? నెర్మీన్ పుట్టినరోజుకి సముద్రం ఒడ్డున హాలు మాట్లాడాను. ఆదివారం అడ్వాన్సు కట్టాలి. మీకేం తొందర? దేవుడు చల్లగా చూస్తున్నాడుగా."

"నా తల మీద, నా కళ్ళ మీద అక్కా!" అన్నాడు నాన్న.

అంటే తప్పకుండా అని. నాన్నకి ఆ మాట తుమ్ములాంటిది. వచ్చేశాక గానీ తెలియదు. అన్నాక ఆయన మొహం, తన కాలు తనే తొక్కుకున్నవాడిలా అయింది.

"టీ చూసొస్తాను," అని అమ్మ లేచింది.

"నేను... పంచదార చూసొస్తాను," అని నాన్న కూడా లేచాడు.

ఖాళీ ప్లేటు పట్టుకుని రీహామ్ వెనకే వెళ్ళింది. వంటింటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఎవరు దించారు బుట్ట?" అమ్మ గుసగుస.

"నన్నడుగుతావేంటి? నువ్వే తెప్పించావనుకున్నా!" నాన్న గుసగుస.

"నేనా? నెల రోజులుగా ఉల్లిపాయలు లెక్కపెట్టి వండుతున్నదాన్ని, నేనా? మీ అక్క ముందు తలెత్తుకోవాలని నువ్వే..."

"నేను కాదు! మా అమ్మ బీపీ మీద ఒట్టు!"

"ఈ నెల ఒక్క కాగితం కూడా దించనని సబ్రీకి మాటిచ్చాను వజ్దీ. ఆదివారం డబ్బు ఇస్తానన్నాను. నా మాట పట్టుకుని ఆయన టోకు సరుకువాళ్ళకి మాటిచ్చాడు. ఇప్పుడేం చెప్పను?"

"అక్కకి లేదని చెప్పెయ్."

"ఇంత బల్ల వేశాక లేదని ఏ మొహంతో చెప్పను? నారింజలు పెట్టుంటే చెప్పేదాన్ని. నారింజలు పెట్టుంటే ఆవిడ అడిగేదే కాదు!"

అమ్మ పీట మీద కూర్చుంది. ఏడవలేదు. వేళ్ళకంటిన సుద్దపొడిని గౌనుకి తుడుచుకుంటోంది. సుద్ద ఎప్పుడో పోయింది. అయినా తుడుస్తూనే ఉంది.

ముందుగదిలోంచి నానమ్మ గొంతు వినిపించింది. "నూట డెబ్బై, నూరు!"

రీహామ్ కాళ్ళు నేలకి దిగాయి. అమ్మ తిట్టి ఉంటే ఎదురు చెప్పేది. ఏడ్చి ఉంటే తనూ ఏడ్చేది. అమ్మ ఆ రెండూ చెయ్యలేదు.

కావాలంటే ఊరుకోవచ్చు. ఎవరూ కనుక్కోలేరు. అమ్మ నాన్నని అనుకుంటుంది, నాన్న అమ్మని అనుకుంటాడు. ఆదివారం చీటీ అత్తకి వెళ్ళిపోతుంది. ఇంకో ఏడు నెలలు పప్పు సూపూ, గుసగుసలూ, బీపీ స్కోర్లూ.

ఈ ఇంట్లో అందరూ గుసగుసలాడడమే. రీహామ్‌కి ఒళ్ళు మండిపోయింది. అందరికంటే ఎక్కువ తన మీదే మండింది.

ప్లేటు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"అత్తా, నీ చేతిలో ఉన్న బిస్కెట్ అప్పుది."

బిస్కెట్ అత్త నోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"జున్ను అప్పుది. కోలా అప్పుది. జీడిపప్పు కూడా, కాకపోతే అది ఇంకా విప్పలేదు. అన్నీ కాగితం మీద రాసి సబ్రీ బాబాయ్ దగ్గర తెచ్చాను. అమ్మ పేరు నేనే పెట్టాను. అమ్మకి తెలియదు. నాన్నకీ తెలియదు."

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "రీహామ్! నోరు ముయ్యి!"

"ముయ్యను!"

"అతిథుల ముందు..."

"అతిథుల ముందే పెట్టాను, అతిథుల ముందే చెబుతాను." రీహామ్ అత్త వైపు తిరిగింది. "అమ్మ నారింజలు పెట్టమంది. నేనే వినలేదు. చీటీ డబ్బు సబ్రీ బాబాయ్‌దీ, టీవీ కొట్టువాళ్ళదీ, హాతిమ్ కళ్ళజోడుదీ. అన్నీ పోగా ముప్పై మిగులుతాయి. కావాలంటే ఆ ముప్పై ఇస్తాం అత్తా. వంతు మాత్రం ఇవ్వం."

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. టీవీలో వార్తలాయన మీసం కూడా కదలడం ఆగినట్టు అనిపించింది.

"నేను హాలు అడగలేదు," అంది నెర్మీన్ ఉన్నట్టుండి. "ఐస్‌క్రీమ్ కేకు అడిగాను. హాలు మమ్మీకే కావాలి, వాళ్ళ ఆఫీసువాళ్ళని పిలవడానికి."

"నెర్మీన్!" అంది అత్త.

"నిజమే కదా! ఆ రోజు మనం వీళ్ళకి పెట్టిన ఏడు రకాల్లో కూడా అయిదు అప్పువేగా?"

అత్త పైకప్పు వైపు చూసింది. చేతిలోని బిస్కెట్ వైపు చూసింది. పెద్దగా నిట్టూర్చింది.

"అయిదు కాదు, ఆరు," అంది. తర్వాత బిస్కెట్ నోట్లో వేసుకుంది. "అప్పుదైనా బాగుందే."

నానమ్మ బీపీ మిషన్ ఉస్సుమంది. అందరూ అటు తిరిగారు.

"నూట ముప్పై, ఎనభై," అంది నానమ్మ. నమ్మకం కుదరక మిషన్‌ని రెండుసార్లు తట్టింది.

అమ్మ రీహామ్‌ని దగ్గరికి తీసుకోలేదు. మెచ్చుకోనూ లేదు. లోపలికొచ్చి బల్ల మీద విప్పినవీ విప్పనివీ వేరుచేసింది. ఎంతైనా లెక్కల టీచరు.

"విప్పనివి వెనక్కి పోతాయి. విప్పినవి మూడు వందల పది. ఎవరిస్తారు?"

రీహామ్ తన గదిలోకి వెళ్ళింది. పండక్కి పెద్దవాళ్ళిచ్చిన కొత్త నోట్లు పాత బూటు డబ్బాలో ఉన్నాయి. స్కేట్లకని దాచుకుంది. మొత్తం మూడు వందల నలభై. మూడు వందల పది లెక్కపెట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. మొహం మాత్రం చిరాగ్గానే పెట్టుకుంది.

"ఇప్పుడు నారింజలు కోసుకురా," అంది అమ్మ.

రీహామ్ కోసింది. పెద్ద పళ్ళెం నిండా పేర్చి, రెండు చేతులతో పట్టుకుని ముందుగదిలోకి తెచ్చింది.

"మోకాళ్ళతో కాదా?" అంది అమ్మ, చాలా నెమ్మదిగా.

నెర్మీన్ నాలుగు ముక్కలు తింది.

శుక్రవారం పొద్దున వీధంతా బాల్కనీల్లోనే ఉంది. కొందరు తివాచీలు దులుపుతున్నారు. కొందరు బట్టలు ఆరేస్తున్నారు. మిగతావాళ్ళు వాళ్ళని చూస్తున్నారు.

రీహామ్ బుట్టలో మూడు కోలా సీసాలు, ఒక బిస్కెట్ డబ్బా, వేఫర్లు, జీడిపప్పు సర్దింది. అడుగున డబ్బు పెట్టింది. నాన్న ఒక కాగితం, పెన్ను తెచ్చిచ్చాడు.

"సంగతంతా రాసి, మడిచి పెట్టు. సబ్రీ అర్థం చేసుకుంటాడు. చప్పుడు చెయ్యకుండా దించు."

రీహామ్ కాగితం తీసుకుంది. దాన్ని చూసింది. తిరిగి నాన్న చొక్కా జేబులో పెట్టేసింది. గ్రిల్ పట్టుకుని ముందుకి వంగింది.

"సబ్రీ బాబాయ్!"

మూడు వీధులకి వినిపించింది.

"నిన్న అప్పు తీసుకున్నవి వెనక్కి దించుతున్నా! మా అమ్మ కాదు తీసుకుంది, నేను! నిన్న నీకు అబద్ధం చెప్పాను! విప్పినవాటికి డబ్బు అడుగునుంది! పాత ఖాతా ఆదివారం కడతాం!"

తివాచీల చప్పుడు ఆగిపోయింది. నాన్న తెర వెనక్కి వెళ్ళిపోయాడు. తెర కింద చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

సబ్రీ బాబాయ్ బుట్ట అందుకున్నాడు. అలవాటు చొప్పున అరచేయి ఎత్తి, దాని మీద వేలితో లెక్క కొట్టేస్తున్నట్టు చేయబోయాడు. ఆగాడు. చేయి దించేశాడు.

"కొట్టేశాను!" అని గట్టిగా అరిచాడు. "మీ అమ్మని అడిగానని చెప్పు!"

అదే సమయంలో ఎదురు బిల్డింగు రెండో అంతస్తు నుంచి లాయరు గారి భార్య బుట్ట చప్పుడు లేకుండా దిగుతోంది. అందులో ఒక కాగితం, నాలుగు మడతలు. అది సగంలో ఆగిపోయింది. గాలికి కాసేపు ఊగింది.

తర్వాత పైనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"సబ్రీ! అరకిలో పప్పు..." కొంచెం ఆగి, "ఖాతాలో!"

"వీధంతా విన్నారు," అంది తెర.

"వినాలనే అరిచాను నాన్నా," అంది రీహామ్.

ఖాళీ బుట్టని పైకి లాగింది. తాడు చుట్టలేదు. బీరువా మీద పెట్టలేదు. అందరికీ కనిపించేలా బాల్కనీ మేకుకి తగిలించింది.